రేవు ఇక్కడ, లెక్క లండన్‌లో

1933 అక్టోబరు 7న విశాఖపట్నం కొత్త హార్బరులోకి వచ్చిన మొదటి పెద్ద ఓడ పేరు జలదుర్గ. అంతకుముందు ఇక్కడికి వచ్చిన స్టీమర్లు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకునీ, రంగూన్ వెళ్లే కూలీలనీ మసూలా పడవల మీద అలలు దాటించి ఓడ దగ్గరికి చేర్చేవారు. కొత్త హార్బరుతో ఆ అవస్థ తీరింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి కాలువ తవ్వారు. దాని ముఖద్వారం దగ్గర అలల దెబ్బ తగ్గించడానికి రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. మొత్తం 3 కోట్ల 78 లక్షల రూపాయల ఖర్చు. కట్టించింది బెంగాల్ నాగపూర్ రైల్వే. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు.

పోర్టు చరిత్ర చెప్పేవాళ్లెవరైనా ఇంతవరకు చెబుతారు. జలదుర్గ సొంతదారైన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఎన్ని టన్నుల ఓడలు నడపాలో, ఏ దారుల్లో నడపాలో అంతకు పదేళ్ల ముందే కాగితం మీద రాసి పెట్టి ఉందన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ ఎత్తరు. 1923 ఒప్పందం ప్రకారం సింధియా ఓడల మొత్తం 75,000 టన్నులు దాటకూడదు. భారత్, బర్మా, సిలోన్ తీరాల మధ్య సరుకు రవాణాకే పరిమితం కావాలి. ప్రయాణికుల వ్యాపారం జోలికి పోకూడదు, విదేశీ దారుల్లో అడుగు పెట్టకూడదు. ఈ గడువు పదేళ్లు. సొంత దేశపు తీరం వెంబడి సొంత కంపెనీకి కోటా అన్నమాట. అవతలి పక్షం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. దాని పెద్ద లార్డ్ ఇంచ్‌కేప్.

వలసకీ, దాన్ని పాలించే దేశానికీ మధ్య వచ్చే వాణిజ్య కోటా తగాదాలు మామూలు రెండు దేశాల తగాదాల్లా ఉండవు. రెండు స్వతంత్ర దేశాలు బేరమాడితే ఎవరి పక్షాన ఎవరు సంతకం పెడుతున్నారో స్పష్టంగా తెలుస్తుంది. వలస విషయంలో బల్లకు రెండు వైపులా కూర్చునేవాళ్ల నియామకం ఒకే ఊరి నుంచి జరుగుతుంది. అందుకే టన్నులు, గజాలు, శాతాలు ఎంతన్నది ఇక్కడ రెండో ప్రశ్న. వలస తరఫున సంతకం పెట్టే చేయి ఎవరిదన్నది మొదటిది. విశాఖ రేవుతో ముడిపడ్డ ఓడల కథలో, అనకాపల్లి చెరుకుతో ముడిపడ్డ చక్కెర కథలో ఇది బాగా కనిపిస్తుంది.

ముందు ఓడల సంగతి. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ తదితరులు సింధియా పెట్టేనాటికి తీరమంతా బ్రిటిష్ ఇండియా కంపెనీ చేతిలో ఉంది. కలకత్తా, రంగూన్ టపా కాంట్రాక్టుతో పుట్టిన కంపెనీ అది. ప్రభుత్వ టపా డబ్బు దానికి మొదటి నుంచీ దన్ను. కొత్తవాడు వస్తే కిరాయిలు తెగ్గొట్టి నష్టానికైనా నడిపి, వాడు చేతులెత్తేశాక మళ్లీ పెంచడం దాని పద్ధతి. 1906లో తూత్తుకుడి నుంచి స్వదేశీ ఓడలు నడిపిన చిదంబరం పిళ్లైకి ఈ దెబ్బే తగిలింది. పైగా ఆయన జైలు పాలయ్యాడు. సింధియా అంత తేలిగ్గా పడిపోలేదు. కొనేస్తామన్న ఇంచ్‌కేప్ ప్రతిపాదనకీ ఒప్పుకోలేదు.

కిరాయి యుద్ధం కన్నా గట్టి ఆయుధం ఇంకొకటి ఉంది. దాన్ని వాయిదా రిబేటు అనవచ్చు. భీమిలి రేవు నుంచి గోగునార పంపే ఒక వ్యాపారిని ఊహించుకోండి. ఆరు నెలల్లో వెయ్యి రూపాయలు కిరాయి కట్టాడు. అందులో వంద రూపాయలు వెనక్కి ఇస్తామని కంపెనీ అంటుంది, కానీ వెంటనే ఇవ్వదు. తర్వాతి ఆరు నెలలు కూడా ఒక్క బేలు పక్క కంపెనీ ఓడ ఎక్కించకుండా ఉంటేనే చేతికిస్తుంది. ఈలోగా ఆ రెండో ఆరు నెలల కిరాయి మీద మరో వంద పోగవుతుంది. అది రావాలంటే ఇంకో ఆరు నెలలు విధేయంగా ఉండాలి. ఎప్పుడు చూసినా వ్యాపారి డబ్బు కొంత కంపెనీ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. స్వదేశీ అభిమానం ఎంత ఉన్నా, సింధియా ఓడలో ఒక్కసారి సరుకు వేస్తే ఆ వంద పోయినట్టే. ఈ లెక్కలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. దీన్ని రద్దు చేయాలని సారాభాయ్ నేమ్‌చంద్ హాజీ 1929లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. అంతకు ముందటేడు తీర వ్యాపారాన్ని క్రమంగా భారతీయ ఓడలకే కేటాయించాలన్న బిల్లు పెట్టింది కూడా ఆయనే. రెండూ చట్టాలు కాలేదు.

ఇలాంటి పరిస్థితిలో 75,000 టన్నుల ఒప్పందానికి సింధియా ఎందుకు తలొగ్గిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. బతికి బట్టకట్టడానికి ఒప్పుకుంది. అయితే ఇది రెండు ప్రైవేటు కంపెనీల మధ్య కుదిరిన ఒడంబడిక, ప్రభుత్వానికి సంబంధం లేదు అని అప్పట్లో చెప్పేవారు. కాగితం వరకు నిజమే. వేరే ఏ దేశంలోనైనా సొంత కంపెనీని బయటి కంపెనీ ఇలా బిగిస్తే ప్రభుత్వం చట్టం చేసి అడ్డుకునేది. అప్పటికే చాలా సముద్ర దేశాలు తమ తీర వ్యాపారాన్ని తమ ఓడలకే ఉంచుకున్నాయి. భారత ప్రభుత్వం వేసిన మర్కంటైల్ మెరైన్ కమిటీ కూడా 1924 నివేదికలో ఆ దారే చూపింది. నివేదికలో ఆచరణకు నోచుకున్న ముఖ్యమైన సంగతి ఒక్కటే: అధికారుల శిక్షణకు డఫరిన్ అనే ఓడ. కుర్రాళ్లకి ఓడలు నడపడం నేర్పారు, నడపడానికి ఓడలు పెరగనివ్వలేదు!

ప్రభుత్వం ఎందుకు కదల్లేదన్నది చూడాలంటే కొంచెం వెనక్కి, బట్టల దగ్గరికి వెళ్లాలి. ఈ భాగం చాలామందికి తెలిసినదే కాబట్టి క్లుప్తంగా. 1882లో బ్రిటన్ బట్టల మిల్లుల ప్రాంతమైన లాంకషైర్ ఒత్తిడితో భారత్ దిగుమతి సుంకాలు దాదాపు అన్నీ ఎత్తేసింది. ఖజానా ఖాళీ అయి 1894లో మళ్లీ వేయాల్సి వస్తే, 1896 నాటికి దిగుమతి బట్టపై మూడున్నర శాతం, దానికి సరిగ్గా సరితూగేలా భారతీయ మిల్లు బట్టపైనా మూడున్నర శాతం ఎక్సైజు, అంటే దేశంలో తయారైన సరుకుపై పన్ను, వేశారు. ఆ ఎక్సైజు 1925 చివరిదాకా కొనసాగింది. ఈలోగా 1919 సంస్కరణలతో ఒక సంప్రదాయం పుట్టింది. సుంకాల విషయంలో భారత ప్రభుత్వం, భారత శాసనసభ ఒక మాట మీద ఉంటే లండన్‌లో భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి, అంటే భారత మంత్రి, జోక్యం చేసుకోకూడదు. దీన్నే ఆర్థిక స్వయంప్రతిపత్తి అని గొప్పగా చెప్పుకున్నారు.

లొసుగు ఆ షరతులోనే ఉంది. శాసనసభ ఒకటన్నా, భారత ప్రభుత్వం ఇంకొకటన్నా సంప్రదాయం వర్తించదు. భారత ప్రభుత్వం అంటే వైస్రాయి, ఆయన కౌన్సిలు. వాళ్ల నియామకం లండన్‌ది. అంటే లండన్‌కి నచ్చని తీర్మానం వచ్చినప్పుడు నేరుగా వద్దనాల్సిన పని లేదు. ఢిల్లీలోని సొంత మనుషులు శాసనసభతో ఏకీభవించకపోతే చాలు.

1930ల కోటా ఒప్పందాలన్నీ ఈ నీడలోనే జరిగాయి. జపాన్ చవక బట్ట ముంచెత్తుతుంటే 1933లో బ్రిటిషేతర బట్టపై సుంకాన్ని 75 శాతానికి పెంచారు. జపాన్ మిల్లులు భారతీయ పత్తి కొనడం మానేశాయి. చివరికి 1934 ఒప్పందంలో లెక్క తేల్చారు. జపాన్ ఏటా 10 లక్షల బేళ్ల పత్తి కొంటే 32.5 కోట్ల గజాల బట్ట పంపుకోవచ్చు, 15 లక్షల బేళ్లు కొంటే 40 కోట్ల గజాల దాకా. ఇచ్చిపుచ్చుకోవడం గజాల్లో, బేళ్లలో స్పష్టంగా ఉంది. లాంకషైర్‌కి మాత్రం అలాంటి గజాల లెక్క లేదు. 1933 అక్టోబరులో బొంబాయి మిల్లు యజమానుల తరఫున హోమీ మోదీ, లాంకషైర్ తరఫున విలియం క్లేర్ లీస్ ఒప్పందం చేసుకున్నారు. బ్రిటిష్ బట్టకు తక్కువ సుంకం, బదులుగా భారతీయ పత్తి వాడకాన్ని పెంచే ప్రయత్నం చేస్తామన్న మాట. జపాన్ దగ్గర బేళ్లు లెక్కపెట్టి తీసుకున్నారు, లాంకషైర్ దగ్గర ప్రయత్నంతో సరిపెట్టుకున్నారు. పాలించే దేశానికి కోటా అవసరం పడదు. అది గోడ లోపలే ఉంటుంది.

లాంకషైర్‌కి గజాల లెక్క వచ్చింది 1939 ఒప్పందంలో. బ్రిటిష్ బట్ట ఏటా 35 నుంచి 50 కోట్ల గజాల మధ్య ఉండాలనీ, మొదటి ఏడాది కనీసం 5 లక్షల బేళ్లతో మొదలుపెట్టి 6 లక్షల బేళ్ల దాకా భారతీయ పత్తి కొనాలనీ, తేడా వస్తే సుంకం అటూ ఇటూ జరగాలనీ అందులో ఉంది. కాగితం మీద మునుపటి వాటికన్నా ఇది నయమే. అయినా కేంద్ర శాసనసభ తిరస్కరించింది. వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో ఆమోద ముద్ర వేశాడు. ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న చర్చ అక్కడితో అర్థం కోల్పోయింది.

ఇక చక్కెర. ఇది అప్పటి విశాఖ జిల్లాకి ఇంటి విషయం. అనకాపల్లిలో చెరుకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఉంది. అక్కడి బెల్లం మార్కెట్ పేరు దేశమంతా తెలుసు. 1933లో ఏటికొప్పాకలో రైతుల సహకార సంఘంగా చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. దేశంలో ఆ తరహా ఫ్యాక్టరీల్లో అది తొలితరానిది. ఆ ఊపుకి కారణం 1932 చక్కెర రక్షణ చట్టం. హండ్రెడ్‌వెయిట్‌కి, అంటే దాదాపు 51 కిలోలకి, 7 రూపాయల 4 అణాల దిగుమతి సుంకం వేసి జావా చక్కెరని ఆపారు. అయిదేళ్లలో దేశంలో చక్కెర మిల్లులు ముప్పై పైచిలుకు నుంచి 130 దాటాయి. 1936-37 సీజన్‌లో ఉత్పత్తి 11 లక్షల టన్నులు దాటింది. దేశం తినగలిగినంత కంటే ఎక్కువ తయారైంది, ధర పడిపోయింది. అదే ఏడాది ప్రభుత్వం ఎక్సైజుని రూపాయి 5 అణాల నుంచి 2 రూపాయలకు పెంచింది. మిల్లులు ధర నిలబెట్టుకోవడానికి సిండికేట్ కట్టుకున్నాయి.

సరిగ్గా ఇలాంటి సమయంలో, 1937 మే 6న, లండన్‌లో అంతర్జాతీయ చక్కెర ఒప్పందం కుదిరింది. ప్రపంచ మార్కెట్‌లో ఎవరు ఎంత అమ్మాలో కోటాలు పంచారు. నెదర్లాండ్స్‌కి, అంటే ప్రధానంగా జావాకి, పదిన్నర లక్షల టన్నులు. క్యూబాకి 9 లక్షల 40 వేలు. భారత్‌కి ఏమిచ్చారు? అయిదేళ్ల పాటు సముద్ర మార్గంలో చక్కెర ఎగుమతి చేయబోనన్న హామీ తీసుకున్నారు. బర్మా ఒక్కటే మినహాయింపు. ఆ మినహాయింపు వెనుక తమాషా ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 దాకా బర్మా భారత్‌లో భాగమే. అంతకు నెల ముందు విశాఖ నుంచి రంగూన్‌కి చక్కెర మూట పంపితే అది ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లినట్టు. ఏప్రిల్ తర్వాత అదే మూట, అదే ఓడ, అదే దారి విదేశీ ఎగుమతి. దయతలచి ఇచ్చినట్టు కనిపించిన మినహాయింపు నిజానికి నిన్నటిదాకా ఉన్న సొంత మార్కెట్టే.

శాసనసభలో వ్యతిరేకత వచ్చినా భారత ప్రభుత్వం ఒప్పందాన్ని ధ్రువీకరించింది. ప్రభుత్వ వాదనలో కొంత పస ఉందని ఒప్పుకోవాలి. జావా చక్కెర కన్నా మన చక్కెర ఎంత ప్రియమో 7 రూపాయల సుంకమే చెబుతుంది. ప్రపంచ ధరకి అమ్మితే ప్రతి మూట మీదా నష్టమే. విశాఖ జిల్లా చెరుకులో పెద్ద భాగం ఎలాగూ బెల్లంగా మారి ఊళ్లలోనే ఖర్చయ్యేది. కాబట్టి 1937లో ఈ నిషేధం వల్ల అనకాపల్లి రైతు ఫలానా మొత్తం పోగొట్టుకున్నాడని చెప్పడానికి ఆధారం లేదు. ఆలూ లేదు చూలూ లేదు, ఎగుమతి హక్కు పోయిందని గోలేమిటి అన్నది అధికారుల ధోరణి.

ఈ వాదన ఒక చోట తేలిపోతుంది. ఎగుమతి చేయలేని దేశానికి నిషేధం ఎందుకు? నిజంగా అసాధ్యమైతే హామీ రాయించుకోవాల్సిన అవసరమే రాదు. మిగులు పెరిగితే, ఖర్చులు తగ్గితే, బ్రిటన్‌లో సామ్రాజ్య రాయితీ సుంకం కింద భారతీయ చక్కెర దిగితే ఏమవుతుందన్న భయం అవతల ఉంది. మారిషస్, వెస్టిండీస్ చక్కెరకి ఆ రాయితీ మార్కెట్టే ప్రాణం. ఒక వలస మిగులు ఇంకో వలస కోటాని తినేయకుండా చూడటం లండన్‌కి కావాల్సిన సర్దుబాటు. సామ్రాజ్యం మొత్తాన్ని ఒకే ఖాతాగా చూస్తే అది తెలివైన నిర్ణయమే. భారత్ ఖాతా విడిగా చూస్తే మాత్రం, ఏ ప్రతిఫలమూ లేకుండా అయిదేళ్ల హక్కు రాసిచ్చినట్టు. తన పేరు మీద విడి సంతకం ఉన్న దేశం అది. నానాజాతి సమితిలో సభ్యత్వం కూడా ఉంది. ఆ సంతకం పెట్టే ప్రతినిధి ఆదేశాలు తీసుకునేది మాత్రం భారత మంత్రి దగ్గర నుంచి.

మళ్లీ ఓడల దగ్గరికి వస్తే, 1923 ఒప్పందం గడువు తీరాక కొత్త ఏర్పాటులో సింధియా టన్నుల పరిమితి సడలింది కానీ మాయం కాలేదు. భవిష్యత్తులో ఏ భారతీయ ప్రభుత్వమైనా తీరాన్ని సొంత ఓడలకి కేటాయించే వీలు లేకుండా 1935 భారత ప్రభుత్వ చట్టంలోనే తలుపు వేశారు. బ్రిటన్‌లో రిజిస్టరైన ఓడలపై ఏ వివక్షా చూపకూడదని 115వ సెక్షన్ చెప్పింది. వినడానికి ఇది సమానత్వ సూత్రం. ఒక పక్షం చేతిలో అప్పటికే తీరమంతా ఉన్నప్పుడు సమానత్వం అంటే ఉన్నది ఉన్నట్టు గడ్డకట్టించడమే. కోటా పెట్టే అధికారాన్నే రాజ్యాంగంలోంచి తీసేయడం మామూలు కోటా కన్నా ఎంతో గట్టి దెబ్బ. దీని మీద అప్పట్లో ఓడల కంపెనీలు, కాంగ్రెస్ నాయకులు వ్యక్తం చేసిన ఆగ్రహం పెద్దగా ఫలించలేదు.

సింధియా ఇంకో దారి పట్టింది: ఓడలు కొనడం కాదు, కట్టడం. విశాఖలో స్థలం చూసుకుంది. 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశాడు. బ్రిటన్ యుద్ధంలో వారం వారం ఓడలు పోగొట్టుకుంటున్న రోజులవి. ఓడలు కట్టే కార్ఖానా ఒకటి సామ్రాజ్యంలో కొత్తగా లేస్తుంటే ఎగిరి గంతేయాలి. అయినా యుద్ధకాలపు ప్రాధాన్యం ఇక్కడి నిర్మాణానికి దక్కలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. యార్డు పని ఆగింది. తర్వాత మళ్లీ మొదలై, మొదటి ఓడ జల ఉషని 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి వదిలేనాటికి దేశం స్వతంత్రమైంది. యార్డుని 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు పేరిట ప్రభుత్వ ఆధ్వర్యంలోకి తెచ్చారు. గాంధీగ్రామ్ వైపు ఇప్పుడు కనిపించేది అదే. పక్కనే ఉన్న పేటని జనం ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు. బస్సు బోర్డుల మీద కూడా ఆ పేరే.

1947లో సీపీ రామస్వామి అయ్యర్ అధ్యక్షతన ఓడల రవాణాపై ఏర్పడిన ఉపసంఘం ఇచ్చిన నివేదికలో కోటా మొదటిసారి తిరగబడింది. ఈసారి శాతాలు రాసింది ఇక్కడివాళ్లు. తీర వ్యాపారంలో భారతీయ ఓడలకి నూటికి నూరు, బర్మా, సిలోన్ వంటి పొరుగు దేశాలతో 75, దూర దేశాలతో 50, తూర్పు దారుల్లో జర్మనీ, జపాన్ వంటి దేశాలు కోల్పోయిన వ్యాపారంలో 30 శాతం. వాటిని పట్టుకుని లండన్ వెళ్తే బ్రిటిష్ ఓడల యజమానులు ససేమిరా అన్నారు. దూర దారుల మీది వాటాలకి అవతలివాళ్ల సమ్మతి కావాలి, కాబట్టి అవి దశాబ్దాల పాటు లక్ష్యాలుగానే మిగిలాయి. సిలోన్, బర్మా తమ సొంత నిర్ణయాలు తీసుకునే దేశాలయ్యాయి, అక్కడ 75 శాతం అని ఢిల్లీ ఒక్కటే రాసుకుంటే సరిపోదు. తీరానికి మాత్రం ఎవరి సమ్మతీ అక్కర్లేకపోయింది. 1947లోనే వచ్చిన ఓడల నియంత్రణ చట్టం కింద తీరంలో తిరిగే ఓడకి లైసెన్సు ఉండాలి. 115వ సెక్షన్ అడ్డు తొలగిపోయింది కాబట్టి ఆ లైసెన్సు ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం ఢిల్లీకి వచ్చింది. పాతికేళ్ల పాటు బిల్లులు, కమిటీలు, లండన్ యాత్రలతో కానిది, 1950ల మొదటికి ఆ లైసెన్సు ఫారంతోనే అయిపోయింది.